కౌంటర్ దగ్గర పార్టీ గొడవలు ఎలా ఆపాలి?

గుంటూరు జిల్లాలో మాది హార్డ్‌వేర్ షాపు. మా చర్చిలో సంఘ పెద్దను కూడా. 2024 మే 13న పోలింగ్ ముగిసినా ఇక్కడ టీడీపీ, వైసీపీ గొడవ చల్లారలేదు. ఆదివారం కలిసి ఆరాధించినవాళ్లే మర్నాడు నా కౌంటర్ దగ్గర మాటామాటా అనుకుంటున్నారు, ముఖ్యంగా సాయంత్రం ఆరు దాటాక, మేస్త్రీలు వచ్చే వేళకి.

షాపులో న్యూస్ ఛానల్ ఆపేశాను. ఏ పార్టీ ఫ్లెక్సీకీ చందా ఇవ్వనన్నాను. చర్చి వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లే రాసేలా సెట్టింగ్ మార్చాం. పాస్టర్‌గారు బైబిల్లో రోమా పత్రిక 14వ అధ్యాయం (అభిప్రాయాలు వేరైనా ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దనే భాగం) మీద వాక్యం చెప్పారు. గ్రూపు సద్దుమణిగింది, కౌంటర్ దగ్గర మాత్రం ఏమీ మారలేదు. నేను మౌనంగా ఉంటే ఇరువైపులవాళ్లూ నన్ను అవతలి పార్టీ మనిషినే అనుకుంటున్నారు. అదే పెద్ద టెన్షన్.

వ్యాపారం చేసే విశ్వాసులెవరైనా చెప్పండి: వాదన మొదలైన ఆ క్షణంలో, ఎవరినీ నొప్పించకుండా ఏం చెప్పి ఆపుతున్నారు?