ఆరు నెలలకే స్టీల్ టేబుల్ మీద తుప్పు చుక్కలు, ఏం చేయాలి?

ఉలవచారు_మారతహళ్లి:
అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో మాది చిన్న ఆంధ్రా మెస్. ఆరు నెలల కిందట ఆరడుగుల వర్క్ టేబుల్, రెండు తొట్ల సింక్ చేయించాం. రెండూ 304 స్టీల్ (తుప్పును బాగా తట్టుకునే రకం) అని బిల్లు మీద రాసిచ్చారు. ఇప్పుడు చూస్తే టేబుల్ మీద టీ పొడి చల్లినట్టు గోధుమ రంగు చుక్కలు. సింక్ అతుకు వెంట తుప్పు గీత. కుళాయి కింద తెల్లటి పొర, మాది బోరు నీళ్లే. పొయ్యి వెనక రేకు మీద నీలం, పసుపు రంగులు తేలాయి.

శుభ్రం విషయంలో నేను రాజీ పడను. రోజూ రాత్రి బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు టేబుల్ నిండా పోసి వదిలేస్తాం, పొద్దున్నే కడుగుతాం. మాడిన చోట ఇనుప పీచుతో రుద్దిస్తాను. మావారేమో స్టీల్‌లోనే మోసపోయాం అంటున్నారు. ఫుడ్ సేఫ్టీ వాళ్లు తనిఖీకి వస్తే ఏమంటారో అని టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

పీజీ_బీటీఎం:
మా పీజీ వంటగదిలో బాత్రూం యాసిడ్‌లో సగం నీళ్లు కలిపి రుద్దిస్తాం. ఒక్కసారికే తళతళలాడుతుంది.

హిందూపురం_వెల్డర్:
అక్కా, దయచేసి ఆ యాసిడ్ జోలికి వెళ్లొద్దు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఆ రోజుకు మెరుస్తుంది, తర్వాత రేకును తినేస్తుంది. పైగా మీ టేబుల్ మీద బ్లీచింగ్ ఉంటుంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన వంటగదిలో అది ప్రాణాల మీదకు తెస్తుంది.

నేను పన్నెండేళ్లుగా పీన్యాలో స్టీల్ పని చేస్తున్నాను. మీరు రాసింది చదివితే టేబుల్‌ను పాడుచేస్తున్నది ముందుగా ఆ రాత్రి బ్లీచింగే అనిపిస్తోంది. స్టీల్‌కు తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీదుండే క్రోమియం ఆక్సైడ్ పొర. కంటికి కనపడదు. గీత పడినా గాలి తగిలితే మళ్లీ అదే పూడుకుంటుంది. కానీ బ్లీచింగ్‌లోనూ ఉప్పులోనూ ఉండే క్లోరైడ్ ఆ పొరకు చుక్క చుక్కగా చిల్లు పెడుతుంది. రాత్రంతా నిలవ ఉంటే 304 కూడా తట్టుకోదు. ఇక ఇనుప పీచు ముక్కలు రేకు గీతల్లో ఇరుక్కుని తుప్పు పడతాయి. అది పీచు తుప్పు, రేకుది కాదు. కాబట్టి చుక్కల్లో చాలావరకు పోతాయి, దిగులు పడకండి.

ముందు టేబుల్‌ను మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి బ్లీచింగ్ మిగలకుండా చేయండి. అర లీటరు వేడి నీళ్లలో పెద్ద చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి, గుడ్డ తడిపి మరకల మీద ఇరవై నిమిషాలు పరచండి. నైలాన్ స్క్రబ్బర్‌తో రేకు మీది సన్నగీతలు ఏ వైపు ఉంటే ఆ వైపే రుద్దండి, గుండ్రంగా వద్దు. కడిగి, పొడి గుడ్డతో తుడవండి. కుళాయి కింది తెల్లపొర కూడా దీంతోనే పోతుంది. పొయ్యి వెనక రంగులు వేడికి వచ్చినవి, వాటితో ప్రమాదం లేదు. మొండి తుప్పుకు ఆక్జాలిక్ యాసిడ్ ఉన్న స్టీల్ క్లీనర్ వాడొచ్చు, కానీ అది విషం. గ్లవ్స్ వేసుకోండి, తర్వాత బాగా కడగండి.

సింక్ అతుకు సంగతి వేరు. వెల్డింగ్ చేసిన చోట నల్లబడ్డ పొరను పికిలింగ్ చేసి, అంటే యాసిడ్ పేస్టు పూసి కడిగి, తీసేయాలి. తీయకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. అది చేసినవాళ్ల బాధ్యత, మీ తప్పు కాదు.

గ్రేడ్ తేల్చుకోవడానికి అయస్కాంతాన్ని నమ్మొద్దు. 304 లాగే 202 అనే చవక రకం స్టీల్‌కి కూడా అది సరిగా అతుక్కోదు. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. స్టీల్ కొట్లలో టెస్టింగ్ లిక్విడ్ ఉంటుంది. చుక్క వేస్తే 202 మీద ఎర్రబడుతుంది.

అమ్మచేతివంట_హెచ్‌ఎస్‌ఆర్:
మా క్లౌడ్ కిచెన్‌లో బ్లీచింగ్ పూర్తిగా మానలేదు. డబ్బా మీద రాసిన పాళ్లలో పలచగా కలిపి, ఐదు నిమిషాలుంచి కడిగేస్తాం. అన్నిటికన్నా పనికొచ్చింది పొడి గుడ్డే. ట్యాంకర్ నీళ్లు టేబుల్ మీద ఆరిపోతే మరక ఖాయం, అందుకే మూసే ముందు తుడవడం ఒకరికి అప్పజెప్పాం. ఇంకో మాట. ఇనుప దోసె పెనం తడిగా టేబుల్ మీద పెడితే గుండ్రంగా తుప్పు అంటుతుంది. ఉప్పు డబ్బా, ఆవకాయ జాడీ కింద పళ్లెం పెట్టండి.

ఉలవచారు_మారతహళ్లి:
తమ్ముడూ, నిన్న ఒక అడుగు మేర చేసి చూశాను. చుక్కలు దాదాపు అన్నీ పోయాయి! ఉప్పు డబ్బా ఉండే చోట మాత్రం నాలుగు గుంటలు గోరుకు తగులుతున్నాయి. లిక్విడ్ కూడా తెప్పించాం. టేబుల్ మీద ఎర్రబడలేదు, సింక్ మీద ఎర్రగా అయింది.

హిందూపురం_వెల్డర్:
అయితే టేబుల్ మంచిదే అక్కా. ఆ గుంటల్ని గ్రైండింగ్ పట్టించొద్దు. రోజూ బ్రష్‌తో శుభ్రం చేసి ఆరబెట్టండి, ఉప్పు డబ్బా అక్కడినుంచి తీసేయండి. సింక్ మీద చుక్క వేసినప్పుడు ఫోటో తీసే ఉంటే బిల్లుతో పాటు పట్టుకెళ్లి మార్చమని అడగండి. కొత్తది తీసుకునేటప్పుడు వాళ్ల ఎదుటే చుక్క వేసి చూసుకోండి. గ్రేడుతో పాటు రేకు మందం కూడా బిల్లులో రాయించుకోండి.

ఉలవచారు_మారతహళ్లి:
ఫోటో ఉంది. సోమవారం మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక వెళ్తాం. బ్లీచింగ్ బకెట్ నిన్న రాత్రే ఆపేశాను.