చెల్లికి జర్మనీ సీటు వచ్చింది, హిజాబ్ నమాజ్ తోటి అక్కడ నడుస్తదా?

సిరోంచ_అన్న:
సలాం, నమస్తే అందరికి. మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. మా చెల్లికి బెర్లిన్‌ల మాస్టర్స్ సీటు వచ్చింది, ఫ్రాన్స్‌ల ఇంకోటి వచ్చేటట్టుంది. పిల్ల హిజాబ్ కడ్తది, ఐదు పూటల నమాజ్ తప్పది. అమ్మీకేమో పిల్ల మారిపోతదని భయం, అబ్బాకు పైసల భయం, జర్మనీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌ల (ఏడాది ఖర్చు ముందుగాల్నే వేసి పెట్టే ఖాతా) 11,904 యూరోలు చూపెట్టాలె, లోన్ తీస్తే వడ్డీ హరామ్ అంటడు (మిర్చి పెట్టుబడికి తెచ్చిననాడు గుర్తుకు రాలే, అది వేరే ముచ్చట). ఇంట్ల ఉర్దూ, బజార్ల తెలుగు, బడిల మరాఠీ, ఇన్ని తీర్ల పెరిగినోళ్లకు యూరప్ ఒక్కటి బరువా అంటది చెల్లి. అక్కడున్నోళ్లు ఉన్నదున్నట్టు చెప్పుండ్రి.

బల్లార్షా_బెర్లిన్:
వాలేకుం సలాం భాయ్. ఇక్కడ యూనివర్సిటీల హిజాబ్‌కు అడ్డం లేదు. అసలు తిప్పలు గడియారంతోటి. డిసెంబర్ల నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతది, జొహర్ (పగటీలి), అసర్ (పొద్దుమూకి), మగ్రిబ్ (పొద్దు గూకినంక) నమాజులు మూడూ నాలుగు గంటల్ల పడ్తయి, ల్యాబ్ కూడ అప్పుడే. జూన్‌ల ఉల్టా, మగ్రిబే రాత్రి తొమ్మిదిన్నరకు, రాత్రి నమాజ్ ఇషా చదివి కండ్లు మూస్తే తెల్లారగట్ల ఫజర్. మన దిక్కు అజాన్ వినపడకున్నా పక్కింటి అవ్వ ‘ఏం బిడ్డా నమాజ్‌కు పోలేదా’ అంటది, ఇక్కడ మానేసినా అడిగెటోడు లేడు, మొదటి ఏడాది నేను మానేసిన కూడా. వజూకు, అంటే నమాజ్‌కు ముందు కాళ్లు చేతులు కడుక్కునేటందుకు, వాష్‌రూం సింక్‌ల కాలు పెట్టాలె, ఒకపారి మా ప్రొఫెసర్ లోపలికొచ్చిండు, కొంగ లెక్క ఒంటికాలి మీద నిలబడే ‘హలో’ అన్న. తిండికి ఫికర్ లేదు, 1961 ఒప్పందంతోటి టర్కీ నుంచి పనికొచ్చినోళ్ల పిల్లలు మనుమలు ఇక్కడే ఉన్నరు, హలాల్ కొట్లు మస్తు, జెల్లీ మిఠాయిల్లనే పంది జెలటిన్ ఉందా అని చూసుకోవాలె. పార్టీల ఆపిల్ జ్యూస్‌ల సోడా కలిపిస్తరు, చూస్తే బీరు లెక్కనే ఉంటది, అది పట్టుకొని నిలబడితే ఎవ్వడూ ఏం అడగడు.

బరంపురం_పిల్ల:
ఆ ఆపిల్ జ్యూస్ సలహా నాకు నచ్చలేదండి, దాచుకోవడం ఒకసారి మొదలెడితే ఎక్కడ ఆపుతాం, తాగనని చెప్పీడమే. నేను ఫ్రాన్స్‌లో ఉంటాను. మతం గుర్తులు పెట్టుకోకూడదన్న 2004 చట్టం గవర్నమెంటు స్కూలు పిల్లలకే, యూనివర్సిటీలో హిజాబ్ పెట్టుకోవచ్చు, ముఖం మొత్తం కప్పుకోవడం మాత్రం 2010 చట్టంతో బయట ఎక్కడా కుదరదు. గవర్నమెంటు ఉద్యోగమైతే తల మీద గుడ్డ కూడా కుదరదు. ప్రైవేటు కంపెనీలు కూడా ఏ మతం గుర్తూ వద్దని అందరికీ ఒకే రూలు పెట్టుకోవచ్చని యూరప్ కోర్టు 2017లో చెప్పింది, ఇది జర్మనీకీ వర్తిస్తాది, అంచేత ఇంటర్వ్యూలోనే అడిగీమనండి. ఇంకోటి, ఎక్కడ ఏ గొడవ జరిగినా మా టీమ్‌లో ఒకాయన ‘మీ వాళ్లు ఏటంటున్నారు’ అని నన్నే అడిగీవాడు. ఒడిశాలో మా బరంపురంలో నన్ను తెలుగమ్మాయి అనీవారు, ఇక్కడికొచ్చాక ముస్లిమ్మే మిగిలాను. ఓరోజు విసుగొచ్చి బరంపురం పట్టుచీర రేటు అడగండి చెప్తాను, మిగతాది నాకూ న్యూసే అన్నాను, మళ్లీ అడగలేదు.

బల్లార్షా_బెర్లిన్:
జ్యూస్ మాట నిజమే అక్కా, వచ్చిన కొత్తల భయంతోటి మొదలైన అలవాటు అది. భాయ్, ఆ 11,904 ఎక్కడికీ పోవు, నెలకు 992 చొప్పున చెల్లి చేతికే వస్తయి. చిన్నాయిననో మామనో చేబదులు అడుగుమను అబ్బాను, వడ్డీ గొడవనే ఉండది.

సిరోంచ_అన్న:
అందరికి షుక్రియా. మొత్తం అమ్మీకి చదివి వినిపించిన. హిజాబ్ ముచ్చట, కోర్టు ముచ్చట అంత చప్పుడు చేయక విన్నది, ఆఖరికి ఒక్కటే అడిగింది, అక్కడ బాత్‌రూంల లోటా ఉంటదా అని.

బరంపురం_పిల్ల:
ఉండదు ఆంటీ 😄 సూట్‌కేసులో ప్లాస్టిక్‌ది ఒకటి పెట్టీండి, నేను రెండు తెచ్చుకున్నాను.