ఆర్మీలో ఉన్న తమ్ముడికి ఏ వాచీ మంచిది?

పలాస_అన్న:
మా తమ్ముడికి అగ్నివీర్ ట్రైనింగ్ అయిపోయింది, పోస్టింగ్ జైసల్మేర్ వైపంట. సెలవుకొస్తున్నాడు, మంచి వాచీ ఒకటి కొనిద్దామని. ఆరేడు వేల దాకా పెడతా. షాపాయనేమో స్మార్ట్‌వాచ్ తీస్కోండి సార్, గుండె కూడా కొలుస్తుంది అంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి.

మాజీ_హవల్దార్:
స్మార్ట్‌వాచ్ జోలికెళ్లకు తమ్ముడూ. పోస్టు మీద ఛార్జింగ్ ఎక్కడ పెడతాడు? పైగా జీపీఎస్ గొడవొకటి, 2018 జనవరిలో స్ట్రావా అని, పరుగెత్తిన దారి రికార్డు చేసే యాప్, దాని మ్యాప్ గోల గుర్తుందా, అమెరికా సైనికులు జాగింగ్ చేసిన దారులు సిరియా, ఆఫ్ఘనిస్తాన్ క్యాంపుల చుట్టూ గీతలు గీసినట్టు కనబడిపోయాయి. చతురస్రంగా ఉండే క్యాసియో వాళ్ల జీ-షాక్ డీడబ్ల్యూ-5600 కొను, చాలు. 200 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్, గ్లాసు అంచుకన్నా లోపలికి ఉంటుంది కాబట్టి మోచేతుల మీద పాకేటప్పుడు రాయి గీసుకున్నా దెబ్బ రబ్బరుకే తగులుతుంది. మెరుపు కూడా ఉండదు.

గోదారి_బుల్లోడు:
అంత ఖర్చెందుకు అన్నా, క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ ఉందిగా? 21 గ్రాములు, బ్యాటరీ ఏడేళ్లు!

మాజీ_హవల్దార్:
ఆఫీసు డ్యూటీకైతే రాజా. దాని లైటు ఒక మూల నుంచి వెలుగుతుంది, రెండో మూల అంకె చీకట్లో కనబడి చావదు. నీళ్లక్కూడా చినుకులవరకే.

లేహ్_రిటర్న్:
జీ-షాక్‌కే నా ఓటు కూడా. కానీ నల్ల స్క్రీన్ మీద తెల్ల అంకెలుండే మోడల్ వద్దు, స్టైలుగా ఉంటుంది గానీ సాయంత్రమైతే టైము కోసం చెయ్యి అటూ ఇటూ తిప్పుకోవాలి. రేపు ఎప్పుడైనా పైకి, మంచుకొండల మీదకి పోస్టింగ్ పడితే ఇంకోటి గుర్తుంచుకోమను, గట్టి చలికి అంకెలు చూపించే ఎల్‌సీడీ తెర మొద్దుబారిపోతుంది, సెకన్ల అంకె మారేటప్పుడు పాతది పూర్తిగా పోకముందే కొత్తది దానిమీద పడి మసగ్గా అవుతుంది, అందుకే వాచీ స్లీవ్ లోపలే ఉంచాలి, ఒంటి వేడి తగిలితే మళ్లీ దార్లో పడుతుంది.

టైమ్‌పాస్_విజయ్:
కొంచెం ఎక్కువ పెట్టగలిగితే జీ-షాక్‌లోనే జీడబ్ల్యూ-ఎం5610 చూడు బ్రో. సోలార్, ఎండలో తిరిగేవాడికి బ్యాటరీ దిగులే ఉండదు. రేడియో సిగ్నల్‌తో టైము దానంతటదే సరి చేసుకుంటుంది అని అమ్మేవాడు ఊదరగొడతాడు, ఆ టవర్లు జపాన్, చైనా, అమెరికా, ఇంగ్లాండ్, జర్మనీల్లో ఉన్నాయి, మనకి ఒక్కటీ లేదు. సోలార్ కోసం కొను, సిగ్నల్ కోసం మాత్రం రూపాయి కూడా దండగ.

మాధవరం_మనవడు:
మా తాత హెచ్‌ఎంటీ జవాన్ పెట్టుకునేవాడు, 17 జ్యువెల్స్ (లోపల చక్రాలు అరక్కుండా పెట్టే చిన్న రాళ్లు), పొద్దున్నే కీ ఇస్తే గానీ టీ తాగేవాడు కాదు 😄 ఇప్పుడు ఆన్‌లైన్లో జవాన్ అని అమ్మేవాటిలో డయల్‌కి మళ్లీ రంగేసినవే ఎక్కువ, ముచ్చటపడి డ్యూటీకి కొనిపెట్టకండి.

పలాస_అన్న:
థాంక్సండీ అందరికీ, 5600 ఫిక్స్. ఇసకలో, చెమటలో బెల్టు ఆగుతుందా? వెల్క్రో గుడ్డ బెల్టు వేయించమంటారా?

మాజీ_హవల్దార్:
వెల్క్రో వద్దు, రాత్రి విప్పితే చర్రుమని పక్క బంకరుకి కూడా వినిపిస్తుంది. కంపెనీ బెల్టే ఉంచు, డ్యూటీ దిగాక మంచినీళ్లతో కడిగితే ఇసకా చెమటా పోతాయి. ఇచ్చేముందు గంటగంటకీ మోగే బీప్ ఆపేసి, 24 గంటల టైముకి మార్చి ఇవ్వు. బిల్లూ గ్యారంటీ కార్డూ లేకుండా మాత్రం తీసుకోకు, డూప్లికేట్లు రోడ్డు మీద కుప్పలుగా దొరుకుతున్నాయి.