డచ్ చిత్రాల్లోని ఇల్లు: ఉన్నదున్నట్టు గీశారా, నీతి చెప్పారా?

ఎడమకిటికీ
నా వాదన ముందే చెప్పేస్తాను. 17వ శతాబ్దపు డచ్ చిత్రాల్లోని ఇళ్లను మనం చూడటం మానేసి, అర్థాలు వెతకడం మొదలుపెట్టాం. అది ఆ చిత్రాలకు అన్యాయం.

పీటర్ డి హోఖ్ 1660 ప్రాంతంలో గీసిన ఒక చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. తల్లి కూర్చుని ఉంది, పిల్ల ఆమె ఒళ్లో తల వాల్చింది. తల్లి పేలు చూస్తోంది. వెనక గోడలోనే అమర్చిన మంచం, అవతలి గదిలో ఎండ. దీనికి చెప్పే అర్థం ఏమిటంటే, తల శుభ్రం చేయడమంటే బిడ్డ మనసు శుభ్రం చేయడమట. రూమర్ విస్సర్ 1614లో తెచ్చిన బొమ్మల నీతి పుస్తకంలో దువ్వెన బొమ్మ ఉంది కాబట్టి ఇక్కడా అదే నీతి అంటారు.

ఆ పుస్తకాన్ని నేను కాదనను. కానీ పేలు చూడటం ఎలా ఉంటుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. వేళ్లతో పాయలు విడదీయడం, పిల్ల కదలకుండా ఉండటం, కాసేపటికి ఇద్దరికీ నిద్ర ముంచుకురావడం. డి హోఖ్ పట్టుకున్నది దాన్నే. డచ్ వాళ్లది వర్ణించే కళ అని 1983లో కళా చరిత్రకారిణి స్వెత్లానా ఆల్పర్స్ వాదించింది. నాదీ అదే మాట.

రంగులపెట్టె
ఎడమకిటికీ గారూ, ఆల్పర్స్‌ను తెచ్చారు సరే, అదే కాలపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన, జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న చిత్రాన్ని వదిలేశారేం? తెరిచిన కిటికీ దగ్గర అమ్మాయి ఉత్తరం చదువుతూ ఉంటుంది. వెనక ఖాళీ గోడ. వెర్మీర్ మౌనమంతా ఆ ఖాళీలోనే ఉందని ఎంతమంది మురిసిపోయారో! గోడ రంగు కింద మన్మథుడి పటం ఉందని 1979లో ఎక్స్‌రేలో కనబడింది. వెర్మీరే వద్దనుకుని కప్పేశాడని అప్పట్లో అనుకున్నారు. తర్వాతి పరీక్షల్లో తేలిందేమిటంటే, ఆ పూత ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు ఇంకెవరో వేసింది. పూత తీసేసి 2021లో మళ్లీ ప్రదర్శించారు. ఇప్పుడక్కడ పెద్ద మన్మథుడు, కాళ్ల కింద ముసుగులు. నిజమైన ప్రేమ కపటాన్ని తొక్కేస్తుందని భావం.

అంటే తరతరాలుగా మనం ‘చూసిన’ మౌనం చిత్రకారుడిది కానే కాదు. 1976లో రైక్స్‌మ్యూజియం ప్రదర్శనలో కళా చరిత్రకారుడు ఎడ్డీ డి యోంగ్ ఈ చిత్రాలను ఆనాటి నీతి పుస్తకాల పక్కన పెట్టి చూపించాడు. ఆ కాలపు కళ్లతో చూడాలంటే అదే దారి. పేలు చూసే తల్లి మన ఇంట్లోనూ ఉంటుంది, నిజమే. కానీ ఆ చిత్రం మన కోసం గీసింది కాదు కదా.

ఆమ్‌స్టల్‌వేన్ నుంచి
మా ఇంటి నుంచి రైక్స్‌మ్యూజియం దగ్గరే, తరచూ వెళ్తుంటాను. అక్కడున్న వెర్మీర్ చిత్రం, పాలు పోసే అమ్మాయి గురించి ఒక మాట. పాలమ్మాయి అంటారు గానీ ఆమె వంటింటి పనిమనిషి. చిత్రం అర మీటరు ఎత్తు కూడా లేదు. దగ్గరికెళ్తే గోడ మీద మేకు, దాని నీడ, పాత మేకుల బొక్కలు కూడా కనిపిస్తాయి.

ఆమె తల వెనక మొదట కూజాలు తగిలించే చెక్క, కింద నిప్పుల బుట్ట ఉండేవని 2022లో మ్యూజియం ప్రకటించింది. ఆ రెండింటినీ కప్పేసింది వెర్మీరే. కాబట్టి మీ ఇద్దరికీ నేనడిగేది ఒకటే: ఆ నిశ్శబ్దం ఇంట్లో దొరికిందా, ఆయన కష్టపడి తయారు చేశాడా? చనిపోయేనాటికి ఆయనకు 11 మంది పిల్లలు. ఆయన గీసిన గదుల్లో ఒక్క పిల్ల కూడా లేదు.

రంగులపెట్టె
అవన్నీ తీసేసి, నేల మీద కాళ్లు వెచ్చబెట్టుకునే పెట్టె ఉంచాడు. దాని వెనక గోడ అడుగున అతికించిన పలక మీద మళ్లీ మన్మథుడు! ఆ పెట్టె విస్సర్ పుస్తకంలోనూ ఉంది, ఆడవాళ్లకు ప్రియమైనదన్న మాటతో.

ఎడమకిటికీ
డ్రెస్డెన్ విషయంలో నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అది చెప్పకుండా మొదలుపెట్టడం నా తప్పే. ఆ మన్మథుడి పలకను కావాలనే ఉంచాడన్నదీ నిజమే.

అయినా ఆ మన్మథుడు ఎంత చిన్నవాడో చూడండి. పాల ధార, రొట్టె మీద తళుక్కుమనే చుక్కలు, ఆ చేతుల మీద ఎర్రబారిన చర్మం, చూపు వీటి మీదే ఆగుతుంది. నీతి చెప్పడమే పనైతే ఆ మేకుకి నీడ గీయాల్సిన అవసరం ఏముంది? తీసేయడంలో అంత పట్టుదల చూపినవాడు దాన్ని మాత్రం అలాగే ఉంచాడు.

ఆమ్‌స్టల్‌వేన్ మిత్రులారా, ఈసారి వెళ్లినప్పుడు డి హోఖ్ తల్లి దగ్గర కాసేపు నిలబడండి. ఆమె వేళ్లు ఎలా ఉన్నాయో చూసొచ్చి ఇక్కడ రాయండి. నేను ఫొటోలోనే చూశాను.