ఎలుగుబంటి ఈనే గుహలో కెమెరా పెట్టవచ్చా?

గుట్టకింద బడి: అమెరికాలోని మిన్నెసోటాలో 2010 జనవరి 22న లిలీ అనే నల్ల ఎలుగుబంటి గుహలో ఈనింది. లిన్ రోజర్స్ అనే పరిశోధకుడి కెమెరా వల్ల ఆ దృశ్యాన్ని ఎక్కడెక్కడి వాళ్లో ఇంటర్నెట్‌లో చూశారు. పిల్ల పాలు తాగుతూ చేసే గురగుర కూడా వినిపించింది. అచ్చంపేట వైపు మా గుట్ట బండల సందులో ఒక ఎలుగు చేరింది. గుహ ముందు సీతాఫలం గింజలతో నిండిన పెంట, పక్కన గోళ్లతో చీల్చిన చెదపుట్ట ఉన్నాయి. డిసెంబరులో ఈనుతుందని నా అంచనా. అటవీశాఖ అనుమతి తీసుకుని చిన్న కెమెరా పెట్టి బడి పిల్లలకు చూపించాలని ఉంది. ఏమంటారు?

పల్లి చేను: సార్, అమెరికా ఎలుగు చలికాలమంతా పడుకుంటుంది. మనది పడుకోదు. డిసెంబరు రాత్రి మా వేరుశనగ చేను తవ్విపోసింది మరి ఎవరు? కెమెరా బిగించడానికి వెళ్తే అదే లేచి పలకరిస్తుంది.

గుట్టకింద బడి: మన ఎలుగుకు శీతాకాల నిద్ర లేదని నాకూ తెలుసు. కానీ ఈనిన తల్లి తొలి వారాల్లో గుహను విడిచి పెద్దగా తిరగదు. రెండు మూడు నెలలకు పిల్లలను వీపు మీద ఎక్కించుకుని బయటకు వస్తుంది. అందుకే ఈనకముందే కెమెరా బిగించాలి.

ఇప్పపూలు: వీపు మీద పిల్లల ఫొటో ఉంటే పెట్టండి!

పల్లి చేను: పెద్దగా తిరగదంటే కొంచెం తిరుగుతుందనే కదా. ఆ కొంచెం ఎప్పుడో చెప్పండి సార్, వింటాను.

మన్ననూరు దారి: అమ్రాబాద్ అడవిలో పులుల లెక్కకు పెట్టే కెమెరాలకు ఎలుగులూ చిక్కుతాయి. వాటిని దారి పక్క చెట్టుకు కడతారు, గుహలోకి దూర్చరు. ఇంకో సంగతి. లిలీ పిల్ల హోప్‌ను 2011లో వేటగాడు కాల్చేశాడు. ఎలుగులకు చేత్తో తిండి పెట్టిన రోజర్స్‌కు 2013లో ఆ రాష్ట్రం అనుమతి పొడిగించలేదు. ఇవీ పిల్లలకు చెబుతారా?

గుట్టకింద బడి: నేను తిండి పెడతానన్నానా?

పల్లి చేను: మా చిన్నాన్న సీతాఫలాలకు వెళ్లి పొద ఇవతల నిలబడ్డాడు, అవతల తల్లి ఎలుగు ఉంది. నెత్తి చర్మం లేచిపోయింది, ఒక కన్ను పోయింది. పరిహారం అడిగితే, కరిచింది ఎలుగే అనడానికి రుజువు ఏదని ఒక కార్యాలయంలో అడిగారు. మీరు దాని సంసారం చూసి ముచ్చటపడండి.

గుట్టకింద బడి: అన్నా, అప్పుడే కెమెరా ఉండి ఉంటే మీకు రుజువు దొరికేది కదా.

పల్లి చేను: మనిషి కన్ను పోయిందంటే మీకు కెమెరా గుర్తొచ్చిందా? ఆ గుట్టకు అవతలి ఊరు మాది. మీ వీడియో బయటికొచ్చిన మర్నాడు గుట్ట చుట్టూ కంచె పడుతుంది. సీతాఫలాలు అమ్ముకుని పూట గడిపే ఆడవాళ్లు ఎక్కడికి పోవాలి? మీకు నెలనెలా జీతం వస్తుంది.

గుట్టకింద బడి: కంచె సంగతి తర్వాత, ముందు గుట్ట మిగలాలి కదా! కంకర క్వారీ కోసం హద్దురాళ్లు పాతారు, చూడలేదా? ఎలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. పిల్లలతో ఉన్నట్టు వీడియో ఉంటే అభ్యంతరం రాయడానికి బలం ఉంటుంది.

మన్ననూరు దారి: అంటే బడి పిల్లల మాట పైపూత అన్నమాట.

గుట్టకింద బడి: పిల్లలూ చూస్తారు. తప్పేముంది?

పల్లి చేను: ఇదీ అసలు సంగతి. ఆ క్వారీలో పని వస్తుందని మా తమ్ముడు హైదరాబాద్ వెళ్లకుండా ఆగాడు. వాడికి ఏం చెప్పమంటారు, గుహలో బాలింత ఉందని చెప్పనా?

గుట్టకింద బడి: గుట్ట పిండి అయ్యాక ఆ పని ఎన్నాళ్లుంటుంది? సీతాఫలాలు ఏటా కాస్తాయి. ఇప్పుడే మీరు వాటి గురించి బాధపడ్డారు.

పల్లి చేను: రెండూ కావాలి సార్ మాకు. మీకు చెప్పడం తేలిక.

మన్ననూరు దారి: కెమెరా దారికి కట్టండి, గుహ జోలికి పోకండి. సీతాఫలాల బాట మాత్రం అందులో పడనివ్వకండి. క్వారీ గొడవ ఊళ్లో కూర్చుని తేల్చుకోండి.

పల్లి చేను: దారికైతే కట్టుకోనివ్వండి. అభ్యంతరం కాగితం మీద మాత్రం నా సంతకం అడగవద్దు.

ఇప్పపూలు: ఇంతకీ అది ఆడ ఎలుగేనా? ఎవరైనా చూశారా?