తనలో తానా, తనతో తానా?

తెల్లకాగితం: బైబిల్లో లూకా సువార్త 18లో ఇద్దరు ప్రార్థనకు గుడికి వెళతారు. పరిసయ్యుడు (నిష్ఠ గల మతశాఖవాడు) "ఈ సుంకరిలా లేనందుకు" కృతజ్ఞతలు చెప్పి, వారానికి రెండు ఉపవాసాలు ఉంటానంటాడు. సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) దూరంగా నిలబడి "పాపినైన నన్ను కరుణించు" అంటాడు. ఆ పరిసయ్యుడి ప్రార్థన నా చెవిలో ఎప్పుడూ "తనతో తాను ప్రార్థించుచుండెను" అనే మోగుతుంది. పుస్తకం తీస్తే "తనలో తాను" అని ఉంది. ఈ "తో" ఎవరికైనా ఎక్కడైనా తగిలిందా? పంట్లో ఇరుక్కున్న పీచులా వేధిస్తోంది.

అరసున్న: అందరూ చదివే పాత అనువాదంలో "లో"నే అండి. మీరు విన్నది ఎవరో బోధకుడి సొంత కవిత్వం.

నిఘంటుపురుగు: సొంత కవిత్వమని కొట్టిపారేయకండి. గ్రీకు మూలంలో ఉన్నది "ప్రోస్ హెఅవ్తోన్", "తన వైపు, తనతో" అన్నట్టు. అదే అధ్యాయంలో కాస్త ముందు అన్యాయస్థుడైన న్యాయాధిపతి తనలో అనుకున్నప్పుడు లూకా వాడింది "ఎన్", అంటే "లో". 12వ అధ్యాయంలో కొట్లు విప్పి పెద్దవి కట్టిస్తానన్న ధనవంతుడికీ "ఎన్", 16లో గృహనిర్వాహకుడికీ "ఎన్". పరిసయ్యుడి దగ్గరికొచ్చేసరికే "ప్రోస్". మన తెలుగు అందరినీ ఒకే "లో"లో పడేసింది. "తో" పెట్టి చదవండి: "దేవా" అని పిలుస్తున్నాడు, వినేది మాత్రం తనే.

ద్రుతం: యోహాను 1:1లోనూ "ప్రోస్" ఉంది కదా సార్. "వాక్యము దేవునియొద్ద ఉండెను." అక్కడ "యొద్ద" అయినది ఇక్కడ "తో" ఎలా అవుతుంది? పైగా ఆ మాటల చోటు అన్ని ప్రతుల్లో ఒకేలా లేదు. "నిలువబడి"కి కలిపితే, తనపాటికి తాను వేరుగా నిలబడ్డాడని. అప్పుడు ఇద్దరూ ఎడంగానే ఉన్నట్టు: సుంకరి సిగ్గుతో, ఇతను మైలపడతానని. నా ఓటు దీనికే.

నిఘంటుపురుగు: బేజా అనే పాత చేతిరాత ప్రతిలో "కథ్ హెఅవ్తోన్", అంటే "తనపాటికి తాను", అని మీ పక్షానే ఉంది. నన్నడిగితే కష్టమైన మాటను ఆ లేఖకుడు తేలిక చేశాడు, అంతే.

అరసున్న: ఇద్దరూ తెలుగును గాలికొదిలేశారు. నాటకాల్లో మాటకు ముందు బ్రాకెట్లో "తనలో" అని ఉంటుంది గుర్తుందా? పక్కనున్న పాత్రకు వినపడదు, ఆఖరి వరసలో కూర్చున్నవాడికి వినపడుతుంది. ఈ ప్రార్థనకు అంతకంటే సరిపోయే మాటేదీ? పాత నిబంధనలో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా స్వరమూ వినపడలేదు, పెదవులే కదిలాయి, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమెకు ప్రేక్షకులు అక్కర్లేదు.

ఉదయరాగం: "ఆ పరిసయ్యుడిలా నేను లేనందుకు స్తోత్రం" అనే జోకు ఇంకా ఎవరూ వెయ్యలేదు. దయచేసి వెయ్యకండి. నన్ను పట్టుకున్నది ఉపవాసం లెక్క. మోషే ధర్మశాస్త్రం అడిగింది ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినం. వారానికి రెండు అనేది అతని బోనస్. దిదాఖే అనే తొలినాటి క్రైస్తవ గ్రంథం దీనికేం మందు చెప్పిందో తెలుసా? వేషధారులు సోమ, గురువారాలు ఉంటారు, మీరు బుధ, శుక్రవారాలు ఉండండి అని! రోజులు మారాయి, రెండు మాత్రం మారలేదు. "దేవుడు నన్ను ఎంతో తగ్గింపులో ఉంచాడు" అని మైకులో తమ వినయానికి తామే సాక్ష్యం చెప్పేవాళ్ళ పూర్వీకులు అక్కడ దొరుకుతారు.

ద్రుతం: తగ్గింపంటే పోతనదండి. "పలికెడిది భాగవతమఁట..." ఆ పద్యంలో మూడు "అఁట"లు. అంతా విన్నమాటేనని తను పక్కకు తప్పుకున్నాడు.

అరసున్న: ఆ పోతనే "ఇమ్మనుజేశ్వరాధములకు" అన్నాడు. రాజులు అధములు, తాను కాదు. అచ్చం పరిసయ్యుడి వరస.

ద్రుతం: చివరి పాదం మింగేశారేం? "బమ్మెర పోతరా జొకఁడు." ఎవడో ఒకడు! పేరు చెప్పుకుంటూనే చెరిపేసుకున్నాడు.

అరసున్న: "ఒక్కడే" అని కూడా వస్తుంది. మిగతావాళ్ళు రాజులకిచ్చారు, ఈ ఒక్కడు హరికిచ్చాడు.

ద్రుతం: ద్విత్వం ఎక్కడుంది?

అరసున్న: "ఒక్కఁడు" అంటే నగణం పోయి ఉత్పలమాల కూలుతుంది. గణం అడ్డుపడింది, భావం కాదు.

తెల్లకాగితం: నా "తో" సంగతి...

నిఘంటుపురుగు: ఇదంతా అపొస్తలుడు పౌలు ఉత్తరాల్లోనే ఉంది. కొరింథీయులకు "అపొస్తలులందరిలో తక్కువవాడను". ఎఫెసీయులకు "పరిశుద్ధులందరిలో అత్యల్పుడనైన నాకు". తిమోతికి వచ్చేసరికి పాపుల్లో "నేను ప్రధానుడను". దిగీ దిగీ మళ్ళీ మొదటి ర్యాంకే.

ఉదయరాగం: ర్యాంకు కాదండి. సుంకరి "పాపినైన నన్ను" అన్నచోట మూలంలో "ఆ పాపిని" అన్నట్టుంటుంది, లోకంలో ఇంకో పాపి లేనట్టు. పక్కవాడి వైపు చూడనివాడికి పోలిక ఎక్కడిది? పరిసయ్యుడికైతే కళ్ళు మూసుకున్నా "ఈ సుంకరి" కనపడ్డాడు. పౌలునూ ఇలాగే చదవాలి.

అరసున్న: ఒప్పుకుంటాను. పోతన "ఒకఁడు" మాత్రం ఒక్కడే.

ద్రుతం: ఎవడో ఒకడు.