లైబ్రరీలకు ఉమ్మడి కాపురమా, వేరు కాపురమా?

పాతకాపు:
ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04కి మారగానే నా పాత ప్రోగ్రామ్ ఒకటి తెరుచుకోవడం మానేసింది. టెర్మినల్‌లో చూస్తే లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 అనే లైబ్రరీ (ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్ ఫైలు) దొరకట్లేదని ఒకటే లైను. అది ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో భాగం, కొత్త ఉబుంటులో ఉన్నది దాని 3వ వెర్షన్. తెలివి చూపిద్దామని దానికే 1.1 పేరుతో సిమ్‌లింక్ (మారుపేరు లాంటి షార్ట్‌కట్) పెట్టా. ఈసారి ఫైలు దొరికింది గానీ, అందులో 1.1.0 సింబల్ వెర్షన్ (ఫంక్షన్ల పేర్లకు తగిలించే వెర్షన్ గుర్తు) లేదంటూ మళ్లీ ఆగిపోయింది. డిస్క్ ఇంత చవకైన రోజుల్లో ఇంకా ప్రోగ్రాములన్నీ ఒకే లైబ్రరీని పంచుకునే ఈ ఉమ్మడి కాపురం ఎందుకండీ? ఎవరి లైబ్రరీలు వాళ్లే తెచ్చుకుంటే పోదా?

టెర్మినల్‌పురుగు:
మీరు చేసింది కొత్తాయన ఇంటికి పాతాయన పేరుబోర్డు తగిలించడం. సోనేమ్‌లో (లైబ్రరీ ఫైలు లోపల రాసుండే పేరులో) నంబరు మారిందంటే, పాతవాటితో ఇక పొసగదని లైబ్రరీ రాసినవాళ్లే చెప్పినట్టు. పేర్లు వేరు కాబట్టి రెండూ ఒకే సిస్టమ్‌లో ఉండగలవు. పాతదాన్ని తీసేసింది డిస్ట్రో, అంటే ఉబుంటువాళ్లు.

అసలు గొడవ డిస్క్‌ది కాదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు, కోడ్ వరకు చూస్తే, ఒక్క ప్యాకేజీ అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. అదే 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ అనే ఇమేజ్ లైబ్రరీలో లోపం వచ్చినప్పుడో? ఎలక్ట్రాన్‌తో (వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే పనిముట్టుతో) కట్టిన ప్రతి యాప్‌లోనూ క్రోమియం బ్రౌజర్, దాంతోపాటు ఆ లైబ్రరీ కాపీ ఒకటి. సిస్టమ్‌లోది సరిచేసినా వాటికి పట్టదు. నా మెషీన్‌లో అలాంటివి ఐదు తేలాయి. ఒక్కోదాని అప్‌డేట్ కోసం కాచుక్కూర్చున్నా.

బైనరీబాబు:
రీస్టార్ట్ అని తేలిగ్గా అనేశారు, జనం మర్చిపోయేది అదే! ఫైలు మారినా నడుస్తున్న ప్రాసెస్ పాత కాపీనే మెమరీలో పట్టుకుని కూర్చుంటుంది. ఎల్ఎస్ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్లు చూపే కమాండ్) కొట్టి చూడండి, ఆ ఫైలు వరుసలో డిఈఎల్ (డిలీటెడ్) అని కనిపిస్తుంది.

పైగా ఒకప్పుడు విండోస్‌లో ఒక ఇన్‌స్టాలర్ సిస్టమ్32 ఫోల్డర్‌లోని డిఎల్ఎల్‌ని (విండోస్ లైబ్రరీ ఫైలుని) తన పాతదానితో తొక్కేస్తే ఇంకో ప్రోగ్రామ్ పడిపోయేది. డిఎల్ఎల్ హెల్ అన్న పేరు ఊరికే రాలేదు. ఎక్స్‌పీలో మైక్రోసాఫ్టే విన్ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ పెట్టి వెర్షన్లని విడివిడిగా ఉంచాల్సొచ్చింది.

టెర్మినల్‌పురుగు:
ఆ ఫోల్డరూ ఉమ్మడి కొట్టే, వెర్షన్‌కో అర. లినక్స్‌లో యాప్‌లు ప్యాక్ చేసే ఫ్లాట్‌పాక్ కూడా అంతే, రన్‌టైమ్ (ముఖ్య లైబ్రరీల మూట) అందరిదీ, మిగతావి యాప్‌వి. ఎన్‌క్రిప్షన్, ఇమేజ్ డీకోడర్ల లాంటి బయటి డేటా తాకేవి మాత్రం యాప్ చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

పాతకాపు:
సిమ్‌లింక్ పీకేశా. పాత లిబ్‌ఎస్ఎస్ఎల్, దాని జత లైబ్రరీ లిబ్‌క్రిప్టో రెండూ ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే పెట్టి, దాన్ని నడిపే స్క్రిప్టులో మాత్రమే ఎల్‌డి లైబ్రరీ పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) ఇచ్చా. నడుస్తోంది. అయితే 1.1 వరుసలో చివరిదైన ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1కి ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబరులోనే ఆగిపోయిందట, అందుకే ఆ ప్రోగ్రామ్‌కి బయటి నెట్ కట్ చేశా.